నడివయసున ఆరోగ్యమును తిరిగి సంపాదించుకొనుట

మగ్గము ఆడినంత కాలమే మన ఇండ్లలో పొయ్యి వెలుగును. షోలాపురములో తువ్వాళ్ళు నేయు మరమగ్గపు కార్మికునికైనను, సేలములో పట్టు నేయు సోదరునికైనను, బరంపురము, దొడ్డబళ్ళాపురము, యానాములలోని మన కుటుంబములకైనను ఈ మాట ఒక్కటే. చేనేతవానికి నెల జీతము లేదు, జబ్బు చేసిన సెలవు లేదు. నేసిన బట్టకే కూలి. నేతగాడు మంచమెక్కిన మరునాటినుండి రాట్నము కూడ ఊరకుండును.

ఈ ప్రమాదము వచ్చు వయస్సు కూడ మనకు తెలిసినదే. నలుబది మొదలు అరువది వరకు. కుమార్తె పెండ్లి, కుమారుని చదువు, షావుకారు వద్ద తీసికొన్న అడ్వాన్సు, ఇవన్నియు ఆ వయస్సులోనే మెడమీద ఉండును. ఇరువది యేండ్లుగా బీడీలు, వేళకాని భోజనము, కూలి ముట్టిన నాటి తాగుడు, నిద్రలేని రాత్రులు దేహము మీద చేసిన అప్పు కూడ సరిగా అప్పుడే వసూలుకు వచ్చును.

అట్టివారిలో చాలమంది, "ఇన్నేండ్లు గడచిపోయినవి, ఇప్పుడు మానిన నేమి, మానకున్న నేమి?" అని విడిచిపెట్టుచున్నారు. ఈ మాట నిజము కాదని వైద్యశాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. ఎంతవరకు తిరిగి వచ్చును, ఏది తిరిగి రాదు, దానికి ఏమి చేయవలెను అనునది మన కుటుంబములలో పెద్దలును, స్త్రీలును తెలిసికొనదగిన విషయము.

దేహము చెడు విధము

కూర్చుండి పనిచేయువారికి వచ్చు రోగములను గూర్చి ఇటలీ దేశపు వైద్యుడు రమజ్జీని 1700 సంవత్సరములోనే గ్రంథము వ్రాసెను.  గుంట మగ్గములో కాళ్ళు తొక్కుచున్నను, చేయి నాడెను విసరుచున్నను, గుండెకు కావలసిన వ్యాయామము అందువలన దొరకదు. నడుమును, మెడయు, మోకాళ్ళును అరుగును గాని ఊపిరి వేగమెక్కదు. "పగలంతయు కష్టపడుచున్నాను, నాకు నడక ఎందుకు?" అను సోదరుడు ఈ భేదమును గమనింపవలెను.

1953లో లండను నగరములోని రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని డాక్టరు మారిస్ అను నతడు పరిశీలించెను. రోజంతయు కూర్చుండి బస్సు నడుపు డ్రైవర్లకంటె, మెట్లు ఎక్కుచు దిగుచు టిక్కెట్లు ఇచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చినట్లు తేలినది. బస్సు ఒక్కటే. కూర్చుండుటయు, తిరుగుటయు మాత్రమే వేరు.

దీనికి తోడు మన అలవాట్లు. మగ్గము వద్దకు రోజునకు 5 సార్లు టీ వచ్చును. ఒక్కొక్క కప్పులో 2 చెంచాల చక్కెర చొప్పున 10 చెంచాలు, అనగా సుమారు 50 గ్రాములు. సంవత్సరమునకు లెక్క కట్టిన 18 కిలోలు దాటును! పప్పు, కూరలు తక్కువ. తెల్లని అన్నము, పచ్చడి ఎక్కువ. బీడీ చిన్నది గదా అని అనుకొందురు గాని, అది ఆరిపోకుండుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలెను కనుక పొగ లోనికి బాగుగా పోవును. గుట్కా, జర్దా నములువారికి నోటి క్యాన్సరు భయము వేరుగా ఉన్నది.

మరమగ్గపు షెడ్లలో ధ్వనియు, దూదిధూళియు ఉండును. వారపు సెలవు ముగిసి పనిలోనికి వచ్చిన మొదటి రోజున రొమ్ము బిగపట్టినట్లుండి దగ్గు వచ్చినచో, అది దూదిధూళివలన వచ్చు ఊపిరితిత్తుల వ్యాధికి గుర్తు కావచ్చును. ప్రారంభదశలో ధూళికి దూరమైనచో నయమగును. ఉపేక్షించి, పైగా బీడీ కాల్చినచో శాశ్వతముగా నిలిచిపోవును.

తిరిగి వచ్చునా?

అమెరికాలోని డల్లాసు నగరములో 1966లో ఒక విచిత్రమైన పరీక్ష జరిగినది. ఇరువది యేండ్ల యువకులు 5గురిని 3 వారములు మంచము దిగకుండ పడుకొనబెట్టి, వారి గుండెబలమును కొలిచిరి. అది మిక్కిలి క్షీణించినది. ముప్పది యేండ్ల తరువాత, 1996లో, ఆ 5గురినే మరల పిలిచిరి. అప్పటికి వారికి ఏబది యేండ్లు. తేలిన దేమన, ముప్పది యేండ్ల వయోభారము చేసిన నష్టముకంటె ఆనాడు 3 వారములు కదలక పడియుండుట చేసిన నష్టమే ఎక్కువ! పిమ్మట 6 నెలలపాటు వారిచేత నడక, పరుగు, సైకిలు క్రమముగా చేయించిరి. అన్నేండ్లలో వయస్సు తీసికొనిపోయిన దమ్ము వారికి మరల వచ్చినది.

అదే నగరములో, 45 మొదలు 64 యేండ్ల వయస్సు కలిగి, వ్యాయామ మెరుగని వారిపై 2 సంవత్సరములు జరిగిన మరియొక పరిశీలన 2018లో వెలువడినది. వారమునకు 4, 5 రోజులు క్రమముగా వ్యాయామము చేసినవారి గుండె కండరము బిగుతు తగ్గి, మరల సాగుగుణము పొందినది. ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి నూటికి 18 వంతులు పెరిగినది. అరువదియైదు దాటిన పిదప మొదలుపెట్టినవారిలో ఆ బిగుతు తగ్గలేదని అంతకు ముందటి పరిశీలన చెప్పినది. కనుకనే నడివయస్సు ముఖ్యమైనది. అప్పటికి ఆలస్యమై పోలేదు, ఇక ఆలస్యము చేయుటకును వీలులేదు.

పొగ మాట చూతము. ఇంగ్లండులో డాక్టర్లనే 1951 నుండి ఏబదేండ్లపాటు గమనించి 2004లో ప్రకటించిన లెక్క ఇది. సిగరెట్టు కాల్చుచునే ఉన్నవారు సగటున 10 సంవత్సరములు ముందుగా చనిపోయిరి. ముప్పదవ యేట మానినవారికి ఆ పదేండ్లును దక్కినవి. నలుబదవ యేట మానినవారికి 9, ఏబదవ యేట మానినవారికి 6, అరువదవ యేట మానినవారికి సైతము 3 సంవత్సరములు దక్కినవి. నలుబదియైదేండ్ల నేతగానికి దక్కు ఆ యేండ్లలోనే కుమార్తె పెండ్లి, మనుమల ముద్దుముచ్చట అన్నియు ఉన్నవి.

మూడవది మన దేశములోని సంగతి. చక్కెర వ్యాధి ఇంకను రాక, వచ్చు సూచనలు మాత్రము కనిపించిన 531 మంది నడివయస్కులను చెన్నై వైద్యులు 3 సంవత్సరములు గమనించి 2006లో ఫలితము ప్రకటించిరి. ప్రత్యేకమైన సలహా ఏమియు లేనివారిలో నూటికి 55 మందికి ఆ వ్యాధి వచ్చినది. మితాహారమును, రోజు అరగంట నడకయు పాటింపుమని మాటిమాటికి హెచ్చరింపబడినవారిలో 39 మందికి మాత్రమే వచ్చినది. ఖరీదైన మందు ఏదియు లేకుండనే ఇది జరిగినది.

తిరిగి రానివి

ఉన్నమాట చెప్పవలెను. మరమగ్గముల హోరులో పోయిన వినికిడి తిరిగి రాదు. కావున చెవులలో బెండ్లు పెట్టుకొని మిగిలినదానిని కాపాడుకొనవలెను. తాగుడువలన కాలేయమునకు పట్టిన క్రొవ్వు, తాగుడు మానిన చాలవరకు కరగును గాని, గట్టిపడి మచ్చలు కట్టిన కాలేయము మునుపటివలె కాదు. చక్కెర వ్యాధి ముదిరి కంటిలోని నరములు చెడినచో పోయిన చూపు సాధారణముగా రాదు. అందుచేతనే ముందుగా పరీక్ష చేయించుకొనుట.

నలుబది దాటిన పిమ్మట దగ్గరి చూపు మందగించుట మాత్రము రోగము కాదు. దానికి కంటి అద్దము చాలును. అస్సాములో నలుబది దాటిన తేయాకు కోయువారికి ఉచితముగా అద్దములిచ్చి చూడగా, ఇవ్వనివారికంటె వారి పని నూటికి 21 వంతులకు పైగా పెరిగినట్లు 2018లో వెల్లడియైనది. సన్నపు పోగు కనిపించక పన్నె వద్ద కుస్తీపట్టు నేతవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఎక్కడ మొదలుపెట్టవలెను?

మొదటిది పరీక్ష. ముప్పది దాటిన వారందరికిని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ఉచితముగా చేయుదురు. పోటు 140/90 దాటినను, పరగడుపున చక్కెర 126 గాని అంతకు మించి గాని ఉన్నను డాక్టరు చెప్పినట్లు నడువవలెను. ఇంటివద్ద ఒక కొలత చాలును. బొడ్డు వద్ద చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. గజము బద్దతో బ్రతుకువారము మనము. కొలుచుకొనుటకు మనకు వేరొకరు చెప్పనక్కరలేదు!

రెండవది నడక. మొదటి వారము రోజుకు 10 నిమిషములు చాలును. క్రమముగా పెంచి 30 నిమిషములు చేసి, వారమునకు కనీసము 5 రోజులు నడువవలెను. మాటలాడగలుగునంత, పాట పాడలేనంత వేగము సరిపోవును. మగ్గము మీద అరగంటకొకసారి లేచి నడుము సాచవలెను. నడుచునపుడు రొమ్ములో నొప్పి, విపరీతమైన ఆయాసము కలిగిన ఆగి, ఆలస్యము లేకుండ డాక్టరు వద్దకు పోవలెను. చక్కెర వ్యాధి గలవారు గుంటలోనుండి లేచిన పిమ్మట ప్రతిదినము పాదములు కడిగి, తుడిచి, పుండు ఏదైన ఉన్నదేమో చూచుకొనవలెను. స్పర్శ తగ్గిన కాలికి దెబ్బ తగిలినను తెలియదు.

మూడవది భోజనము. పళ్ళెములో అన్నము తగ్గించి ఆ చోటు పప్పునకు, ఆకుకూరలకు ఇవ్వవలెను. టీలో చక్కెరను వారమునకు అరచెంచా చొప్పున తగ్గించినచో నాలుక తెలియకుండనే అలవాటుపడును. ఉప్పు రోజంతటికి అన్నిటిలో కలిపి 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా మించరాదు. ఊరగాయ, అప్పడము, ఎండుచేప ఈ లెక్కలోనివే. మరపట్టిన తెల్లబియ్యమువలన వచ్చు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరులో మొదలైన చిన్న కేంద్రమే, 1958లో హైదరాబాదునకు తరలి నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది. కర్ణాటకములో రాగిముద్ద, షోలాపురములో జొన్నరొట్టె మన ఇండ్లలో ఉన్నవే. వానిని చిన్నతనముగా ఎంచి మానరాదు. అయితే అవియు మితముగానే తినవలెను.

నాలుగవది పొగాకు. రేపు తగ్గింతుననుటకంటె ఒక తేదీ పెట్టుకొని పూర్తిగా మానుట మేలు. మొదటి వారము చిరాకు, నిద్రలేమి తప్పవు, తరువాత తగ్గును. ఒక సంవత్సరము గడచునప్పటికి గుండెజబ్బు భయము కాల్చువానిలో ఉన్నదానికి సుమారు సగమగును. సహాయము కావలసినవారు 1800 11 2356 అను ప్రభుత్వ నంబరునకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును.

అయిదవది తాగుడు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి ప్రతిదినము ఎక్కువగా తాగినవాడు ఒక్కసారిగా మానినచో వణుకు, ఫిట్లు, మతిభ్రమణము వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టివానిని ఇంటిలో బంధించుట తగదు. ఆసుపత్రిలో చేర్పించి వైద్యుని పర్యవేక్షణలో మాన్పించవలెను.

ఇంటివారు, సంఘమువారు

ఈ పని ఒక్కని పట్టుదలతో జరుగునది కాదు. ఉప్పు వేయు చేయి ఇల్లాలిది. కనుక ఇల్లంతయు ఒకే వంట తినవలెను. రోగికి వేరు కూర వండినచో వారము దాటి సాగదు. మరియు ఆరోగ్యమనగా పురుషుని ఆరోగ్యమే కాదు. తెల్లవారు జామున లేచి నీళ్ళు పట్టి, వంట చేసి, కండెలు చుట్టి, షోలాపురమువంటి చోట్ల బీడీలు చుట్టి, అందరి తరువాత మిగిలినది తినునట్టి మన అక్కచెల్లెండ్రకు రక్తహీనత ఎక్కువ. పరీక్షకు భర్త పోవునాడు భార్యయు పోవలెను.

సంఘముల వలన కాగల పనులు కొన్ని ఉన్నవి. సంఘ భవనములో ఒక త్రాసు, ఒక రక్తపుపోటు యంత్రము, ఒక కొలత టేపు ఉంచి, సెలవునాడు చదువుకొన్న యువకుడొకడు కూర్చుండి పేరువారీగా పుస్తకములో వ్రాసినచో చాలును. కూలి చెల్లింపు సాయంత్రము దుకాణము ముందు గాక, ఉదయము ఇంటివద్ద, వీలైన చోట ఇల్లాలి బ్యాంకు ఖాతాలో జరుగునట్లు షావుకార్లు, సహకార సంఘములు ఏర్పాటు చేయవచ్చును. తమిళనాడులో 2021లో ప్రారంభమైన పథకము క్రింద పోటునకు, చక్కెరకు మందులు ఇంటికే తెచ్చి ఇచ్చుచున్నారు. అక్కడి మన కుటుంబములు పేర్లు వ్రాయించుకొనునట్లు సంఘమువారు చూడవలెను.

పడుగులో పోగు తెగినదని ఎవ్వరును మగ్గము విప్పి పారవేయరు. తెగిన చోటు వెదకి, ముడి వేసి, తిరిగి నాడె ఆడింతురు. దేహము విషయములోను నేతవానికి ఇంతకంటె వేరు ఉపదేశ మక్కరలేదు. మగ్గమునకు సెలవుగల తదుపరి దినమున భార్యాభర్తలు ఇద్దరును ఆరోగ్య కేంద్రమునకు పోయి పరీక్ష చేయించుకొని, ఆ కాగితమును ఇంటిలో భద్రపరచవలెనని సోదర సోదరీమణులకు మనవి. ఆరు నెలల తరువాతి కాగితమును దాని ప్రక్కన పెట్టి చూచుకొన్నచో ఫలితము వారికే తెలియగలదు.