దూరపు పిలుపున మాట జాప్యము

మన హోసూరు ఇండ్లనుండి అమెరికాలోని పిల్లలతో అంతర్జాలముపై మాటలాడునపుడు ఇరువురి మాటలును ఒకదానిపై నొకటి పడుట మన మెఱిగినదే. కారణమేమి? గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. 15,000 కిలోమీటర్ల దారికి సెకనులో 75 వేయవవంతులు చాలును. మాటను తునుకలుచేసి పంపుట, అవి దారిలో వరుసకట్టుట, చేరినచోట తిరిగి కూర్చుట వలన మిగిలిన ఆలస్యము కలుగును. మొత్తము 150 వేయవవంతులు మించనిచో సంభాషణ సాఫీగా సాగును.

కావున ఆ వేళ ఇంట ఇతరులు సినిమాలు చూచుట ఆపవలెను. వైఫై పెట్టెకు దగ్గరగా కూర్చుండవలెను. మాట ప్రతిధ్వనించినచో చెవిగొట్టములు ధరింపవలెను. అప్పటికిని జాప్యమున్నచో ఒకరు ముగించినపిదప మఱియొకరు పలుకవలెను. మనుమడు వెంటనే బదులీయలేదని అవ్వ చిన్నబుచ్చుకొనరాదు. ఆమె తెలుగు వానిని చేరుటకు ఇంకను దారిలోనున్నది.