కంది సాళ్ల నడుమ చిన్న కమతం

కుల్కచర్ల మండలంలో మూడు నాలుగెకరాల చెలక ఉన్న రైతు వానాకాలానికి ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: భూమంతా ఒకే పంట పెట్టాలా, వద్దా? మొత్తం పత్తి వేస్తే విత్తనాలకు, ఎరువులకు, కలుపు కూలీలకు జూన్ నుంచే డబ్బు పోతూ ఉంటుంది. చేతికి వచ్చేది మాత్రం దసరా వేళకే. ఈ నడిమి నెలల్లోనే అప్పు పెరుగుతుంది. చిన్న కమతాన్ని దెబ్బతీసేది తక్కువ దిగుబడి కన్నా ఈ ఆదాయం లేని నెలలేనని నా గట్టి నమ్మకం. వాటిని పూడ్చే పంట ఈ నేలకు కొత్తదేమీ కాదు. అది సాళ్ల నడుమ మరో పంటకు చోటిచ్చే కంది.

పక్కనున్న తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి లోతైన నల్లరేగడిలోని అటపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, సున్నపురాయి నిల్వలు ఆ కందికి ప్రత్యేకత తెచ్చాయంటారు. కుల్కచర్ల, పరిగి వైపు ఎర్ర చెలకలే ఎక్కువ. వీటిలో తడి ఎక్కువ కాలం నిలవదు కాబట్టి తాండూరు పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే కుదరదు. రేగడిలో కంది సాళ్ల మధ్య 150 నుంచి 180 సెంటీమీటర్ల ఎడం పెడతారు. చెలకలో 90 నుంచి 120 చాలు.

పని మొదలయ్యేది ఎండాకాలంలోనే. గొర్రెల కాపరులు ఊరి మీదుగా పోయేటప్పుడు మాట్లాడుకుని చేనులో మంద పెట్టించుకోవాలి. రోజూ రాత్రి మందను జరుపుతూ పోతే పెంట, మూత్రం రెండూ నేలకే అందుతాయి. బండి కిరాయి మిగులుతుంది. మంద లేచాక ఆ పెంట ఎండకు మాడిపోకముందే పైపైన దున్నించాలి. వాలుకు అడ్డంగా విత్తి, నాలుగైదు సాళ్లకొకటి చొప్పున లోతైన కాలువ తీస్తే పడ్డ వాన చేనులోనే ఇంకుతుంది. చెలకకు నేను ముందు చెప్పే సలహా ఇదే, ఎందుకంటే దీనికి నాగలి తప్ప కొత్త పెట్టుబడి అక్కర్లేదు.

కంది మొలిచాక మొదటి నెలన్నర, రెండు నెలలు మెల్లగా పెరుగుతుంది. అంతవరకు సాళ్ల నడుమ ఖాళీయే. అక్కడ పెసర వేస్తే అరవై అయిదు రోజులకు కోతకొస్తుంది. ఏడు పెసర సాళ్లకు ఒక కంది సాలు సరిపోతుంది. వినాయక చవితి నాటికి ఇంట్లోకి నాలుగు పైసలు వస్తాయి. కాయ ఏరాక ఆ మొక్కలను గుంటుకతో నేలలో కలిపేస్తే కందికి బలం. పశువులున్న ఇంటికి మాత్రం జొన్నే మేలు: రెండు నుంచి నాలుగు జొన్న సాళ్లకు ఒక కంది సాలు. గింజ తిండికి, చొప్ప ఎడ్లకు.

జొన్న వల్ల ఇంకో మేలుంది. కందికి పెద్ద శత్రువు ఎండు తెగులు. పచ్చగా నిలిచిన చెట్టు పూత మీద ఉండగా ఉన్నట్టుండి వాడిపోతుంది. నీళ్లు చాలలేదేమో అనుకుంటాం. అనుమానం తీరాలంటే చెట్టును పీకి, మొదలు దగ్గర కాండాన్ని కొడవలితో నిలువునా చీల్చి చూడాలి. లోపల నల్లటి చారలు కనిపిస్తే అది ఎండు తెగులే. ఆ శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. మందు కొట్టి దాన్ని వదిలించుకోలేం. జొన్న కలిపి వేసిన చేలో ఈ తెగులు తగ్గుతుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనల్లో తేలింది. తెగులు తట్టుకునే రకం ఎంచుకోవడం, కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించడం, తెగులు కనిపించిన చేనులో మరుసటేడు కంది వేయకపోవడం మన చేతిలో ఉన్నవి. ఏ రకం మీ నేలకు సరిపోతుందో తాండూరు వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగండి. దుకాణంలో అడిగితే ఉన్న సరుకే మంచిదంటారు.

పూత సమయంలో శనగపచ్చ పురుగు వస్తుంది. ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు, ఇరవై పక్షి స్థావరాలు పెట్టి, పది కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి వడగట్టిన కషాయాన్ని 200 లీటర్ల నీటికి కలిపి సాయంత్రం పూట కొట్టాలి. వేపగింజలు జూన్‌లో ఊళ్లోనే రాలుతాయి. అప్పుడే ఏరి నీడన ఆరబెట్టుకున్న ఇంటికి పూతకాలంలో మందుల దుకాణం అప్పు ఉండదు. పూతకు, కాయకు ఒక్కో తడి ఇవ్వగలిగితే దిగుబడిలో తేడా కళ్లకు కనిపిస్తుంది. నీటికుంట తవ్వించుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కోతయ్యాక కల్లం నుంచి నేరుగా కాంటాకు తోలకండి. తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు. 2025-26కు ఆ ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. నాలుగు రోజులు ఎండలో ఆరబెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఇంటికి సరిపడా కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, ఇసుర్రాయిలో పప్పు చేసుకునే అలవాటు మానొద్దు. అమ్మిన ధరకూ కొనే పప్పు ధరకూ ఉన్న తేడా ఆ ఇంటికే మిగులుతుంది.

ఇక విత్తనం. కందిపూతపై తేనెటీగలు వాలి పక్క చేను రకం పుప్పొడిని తెస్తాయి. అందుకే గట్టు పక్క చెట్లు విత్తనానికి పనికిరావు. చేను నడుమ తెగులు లేని, కాయ నిండుగా పట్టిన చెట్లను నిలబడి ఉండగానే చూసి, గుడ్డపీలిక కట్టి ఉంచాలి. వాటిని మిగతా చేనుకన్నా ముందుగా కోసి, వేరే కల్లంలో కట్టెలతో కొట్టుకోవాలి.