చిన్న విమానం కూలితే బ్లాక్ బాక్స్ ఉంటుందా? డేటా ఎలా తీస్తారు?

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల అడవిలో కూలింది. అందులోని ఐదుగురూ మరణించారు. లోపల ఏం జరిగిందో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. చివరి నిమిషాల్లో పైలట్లు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ సమస్యతో సతమతమయ్యారని ఆర్.కె.త్యాగి కమిటీకి తెలిసింది కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ వల్లే.

అన్నింటికీ ఈ రికార్డర్ ఉంటుందా?

ఉండదు. విమానాల్లో ఫ్లైట్ డేటా రికార్డర్ సాధారణంగా 5,700 కిలోల కంటే ఎక్కువ బరువున్న వాటికే తప్పనిసరి. 2019లో వికారాబాద్ జిల్లా బంట్వారం మండలంలో, 2022లో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో కూలిన సెస్నా శిక్షణ విమానాలు అంతకంటే చాలా తేలికైనవి. ఈ రెండు ప్రమాదాల్లో ముగ్గురు ట్రైనీ పైలట్లు చనిపోయారు.

మరి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

జీపీఎస్ పరికరం, ఇంజిన్ మానిటర్, పైలట్ ఫోన్, ట్యాబ్‌లలోని మెమరీ చిప్‌లలో. గార్మిన్ జీ1000 లాంటి డిజిటల్ ప్యానెల్ ఉంటే వేగం, ఎత్తు, ఇంజిన్ వివరాలు ఎస్‌డీ కార్డులో నమోదవుతాయి. కరెంటు పోయినా ఈ డేటా చెరిగిపోదు. వీటికి ఏటీసీ సంభాషణల రికార్డు, రాడార్ వివరాలు, స్థానికులు తీసిన వీడియోలు తోడవుతాయి.

డేటా ఎలా తీస్తారు?

దెబ్బతిన్న పరికరాన్ని నేరుగా ఆన్ చేయరు. తడి ఉంటే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. పాత డేటాపై కొత్తది రికార్డయ్యే ముప్పూ ఉంది. ముందు బోర్డును ఆరబెట్టి, ఎక్స్‌రే తీసి, చిప్ పగిలిందేమో చూస్తారు. చిప్ బాగుంటే దాన్ని ఊడదీసి, అదే రకం మరో పరికరంలో అమర్చి చదువుతారు. బ్లాక్ బాక్స్‌లోని చిప్‌కు 1,100 డిగ్రీల మంటను గంటసేపు తట్టుకునే కవచం ఉంటుంది. ఫోన్‌కూ జీపీఎస్‌కూ ఆ రక్షణ లేదు.

ఈ పని మన దేశంలో చేస్తారా?

విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీకి ఢిల్లీలోని ఉడాన్ భవన్‌లో ల్యాబ్ ఉంది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి రామ్మోహన్‌నాయుడు దాన్ని ప్రారంభించారు. అదే ఏడాది జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా విమానం రికార్డర్ డేటాను ఆ నెలలోనే ఇక్కడ డౌన్‌లోడ్ చేశారు.

ఊరివాళ్లు ఏం చేయాలి?

అనంతపురం లాంటి మెట్ట ప్రాంతంలో విమానం కూలితే ముందు చేరేది గొర్రెల కాపరులు, పక్క చేలల్లోని రైతులే. మొదట 112కు ఫోన్ చేయాలి. మంటలు, ఇంధనం లీకేజీ చూసుకుని, ప్రమాదం లేదనుకుంటేనే దగ్గరికెళ్లి క్షతగాత్రులను కాపాడాలి. ప్రాణాలు కాపాడటానికో, మంటలు ఆర్పటానికో శకలాలను కదపడానికి దర్యాప్తు నిబంధనలు అనుమతిస్తాయి. అంతకుమించి ఏదీ ముట్టుకోకూడదు. దొరికిన ఫోన్‌ను ఆన్ చేసి చూడకూడదు. ఏ ముక్కనూ ఇంటికి తీసుకెళ్లకూడదు. మీరు తీసిన వీడియో ఉంటే డిలీట్ చేయకుండా పోలీసులకు చూపించాలి.

జేబులో వేసుకున్న గోరంత కార్డే బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు దొరకాల్సిన ఏకైక సమాధానం కావచ్చు.