ఐదు టిక్కీలు ఎన్ని లాట్లు?

ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. ఇంజినీరింగ్ విభాగంలో వాటిలో సగం లెక్కలే. మిర్చి, పత్తి అమ్మిన డబ్బుతో ఫీజు కట్టే గుంటూరు, ప్రకాశం ఇళ్లలో పిల్లల చదువంతా ఈ వేగం చుట్టూనే తిరుగుతోంది. డిగ్రీ అయ్యాక ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో ఎం.మ్యాథ్‌కో, టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్)లో పీహెచ్‌డీకో వెళ్లాలనుకుంటే మాత్రం రాతపరీక్ష దాటాక ఇంటర్వ్యూ ఉంటుంది. అక్కడ ఒక్క ప్రశ్న మీదే చాలాసేపు నిలబడాల్సి రావచ్చు.

అలాంటి ప్రశ్న ఒకటి చూద్దాం. యార్డులో ఐదు మిర్చి టిక్కీలు (బస్తాలు) వరుసగా ఉన్నాయి. వరుస చెదరకుండా లాట్లుగా విడదీయాలి. ఎన్ని విధాలు? టిక్కీల మధ్య నాలుగు సందులున్నాయి. ఒక్కో సందు దగ్గర విడదీయవచ్చు, వదిలేయవచ్చు. కాబట్టి 2×2×2×2, అంటే 16. మరి లాట్ల క్రమం పట్టించుకోకపోతే? 4+1, 1+4 ఒకటే అవుతాయి. అప్పుడు ఏడు విధాలే మిగులుతాయి.

అసలు ఇంటర్వ్యూ ఇక్కడే మొదలవుతుంది. టిక్కీలు 2, 3, 4, 5, 6 అయితే జవాబులు 2, 3, 5, 7, 11. అన్నీ ప్రధాన సంఖ్యలే! తరువాతది 13 అని నోటిదాకా వస్తుంది. చేత్తో రాసి చూస్తే 15. ఊహించడం తప్పేమీ కాదు. దాన్ని పరీక్షించకుండా వదిలేయడమే తప్పు. పైకి చెబుతూ ఊహించి, పరీక్షించి, పడిపోతే ఎందుకు పడిందో వెతికే విద్యార్థి కోసమే ప్రొఫెసర్లు చూస్తారని నా నమ్మకం.

ఇలా క్రమం పట్టించుకోకుండా లెక్కించిన జవాబులను విభజన సంఖ్యలంటారు. వాటి మీదే అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు 1966లో ఒక ఊహ ప్రతిపాదించారు. ఏ అంకశ్రేఢిని తీసుకున్నా, అందులోని సంఖ్యల విభజన సంఖ్యలు అనంతసార్లు సరిసంఖ్యగా, అనంతసార్లు బేసిసంఖ్యగా వస్తాయని దాని సారం. సరిసంఖ్యల భాగాన్ని 1996లో కెన్ ఓనో, బేసిసంఖ్యల భాగాన్ని 2012లో సిల్వియు రాడు నిరూపించారు. మన పక్క ఊరివాడు అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు రావడానికి 46 ఏళ్లు పట్టింది.

ఇంటర్వ్యూకు సిద్ధమయ్యేవాళ్లు రోజుకొక లెక్కను నేస్తం ముందు బోర్డు మీద వివరించండి. ప్రతి మెట్టు దగ్గరా "ఎందుకు?" అని అడగమనండి. తెలియనప్పుడు తెలియదనండి, ఆ వెంటనే చిన్న ఉదాహరణ వేసి చూడండి. ముందుగా ఏడు టిక్కీలకు ఆ పదిహేను విధాలూ మీరే రాయండి.