తొరపల్లి నుంచి వేలూరు జైలు దాకా

మన హోసూరు కెలవరపల్లి డ్యాముకు ఎంతో దూరం లేని తొరపల్లిలో, ఊరి మునసబు గారింట 1878లో రాజాజీ పుట్టారు. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. సెలవులకు వచ్చిన మన పిల్లలకు దాన్ని చూపించి, ఆయన గవర్నర్ జనరల్‌గా చేశారని చెప్పి ఊరుకుంటాం. హింసను అణచడానికి ప్రభుత్వం చేతికి ఎంత అధికారం ఇవ్వవచ్చు అన్న ప్రశ్నకు ఆయన రెండు వైపులా నిలబడ్డారన్న సంగతి కూడా వాళ్లకు చెప్పాలి.

1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. విప్లవకారుల హింసను అరికట్టే పేరిట, అనుమానం మీదే మనిషిని విచారణ లేకుండా నిర్బంధించవచ్చని అది చెప్పింది. ఆ రోజుల్లో గాంధీజీ మద్రాసులో రాజాజీ ఇంట్లోనే బస చేశారు. దేశమంతటా హర్తాళ్ జరపాలన్న ఆలోచన గాంధీజీకి అక్కడే తట్టింది. బ్రిటిషు ప్రభుత్వం మీద పోరాటంలోకి దిగిన రాజాజీ మూడేళ్లు తిరక్కుండానే వేలూరు జైల్లో ఉన్నారు.

1951 ఫిబ్రవరికి అదే రాజాజీ కేంద్ర హోం మంత్రి. విచారణ లేకుండా నిర్బంధించే ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టాన్ని మరో ఏడాది పొడిగించమని పార్లమెంటును అడిగింది ఆయనే. ఆ చట్టాన్ని అంతకు ముందు ఏడాది ఫిబ్రవరి 25న సర్దార్ పటేల్ ప్రవేశపెట్టారు, ఆ ఒక్క రోజులోనే సభ ఆమోదించింది. దానికి రెండు వారాల ముందు, ఫిబ్రవరి 11న, సేలం జైల్లో కమ్యూనిస్టు ఖైదీల మీద కాల్పులు జరిగి 22 మంది చనిపోయారు. అప్పట్లో మన హోసూరు సేలం జిల్లాలోదే.

ఆ చట్టంలో 14వ సెక్షన్ ఒకటుండేది. నిన్ను ఎందుకు పట్టుకున్నామో కాగితం మీద రాసిస్తారు. ఆ కాగితాన్ని కోర్టుకు చూపిస్తే మాత్రం నేరం. జడ్జి అడిగినా చెప్పకూడదు. మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె.గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళ్తే, 1950 మేలో ఆ ఒక్క సెక్షన్‌నే కొట్టేసి మిగతా చట్టాన్ని నిలబెట్టారు. ఫజల్ అలీ లాంటి న్యాయమూర్తి ఒప్పుకోకపోయినా మెజారిటీ తీర్పు అదే.

రాజాజీ పొడిగింపుతో పాటు ఒక మార్పు తెచ్చారు. అంతవరకు చాలా కేసుల్లో నిర్బంధాన్ని సమీక్షించే సలహా మండలి ఊసే లేకుండా ఏడాది దాకా లోపల ఉంచే వీలుండేది. ఇక మీదట ప్రతి నిర్బంధమూ మండలి ముందుకు రావాలన్నారు. ఆయన చేసినదాంట్లో నాకు విలువైనదిగా కనిపించేది ఇదే, ఎందుకంటే ఫైలును పోలీసుశాఖ బయటి మనిషి ఒకరు తెరిచి చూస్తారు.

రాజాజీ ఒక్కరే అలా మారారనుకోవద్దు. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకులకు గుండె చూపిన ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారే, మద్రాసు ప్రధానిగా 1947 జనవరిలో కమ్యూనిస్టుల మీద ఆర్డినెన్స్ తెచ్చారు. వీళ్లంతా జైలు అన్నం తిన్నవాళ్లు, దుర్మార్గులు కారు. అలాంటివాళ్ల చేతుల్లోనే ఈ అధికారం ఇలా పనిచేసిందంటే, ఏలే మనిషి మంచితనాన్ని నమ్ముకుని చట్టం రాసుకోకూడదన్నది నా గట్టి నమ్మకం.

ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి, 2002 మార్చిలో, ఉగ్రవాద నిరోధక చట్టం పోటా వచ్చింది. ఆ ఏడాది నవంబరులో మన ఊత్తంగరై దగ్గర నక్సలైట్లతో ఎదురుకాల్పులు జరిగాయన్నారు. ఆ తర్వాత పోటా కింద అరెస్టయిన వాళ్లలో ఒక మైనరు బాలుడూ ఉన్నాడు. బాలుడికి బాల నేరస్థుల చట్టమే వర్తిస్తుందని మద్రాసు హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంతకు ముందే, 2002 జూలైలో, అమెరికా నుంచి తిరిగొస్తున్న ఎండీఎంకే నేత వైగోను మద్రాసు విమానాశ్రయంలో అరెస్టు చేశారు. తిరుమంగళం సభలో నిషేధిత సంస్థ ఎల్టీటీఈని సమర్థిస్తూ మాట్లాడారన్నది అభియోగం. పోటాకు పార్లమెంటులో ఓటేసిన కూటమిలో ఆయన పార్టీ కూడా ఉంది. ఆయన 19 నెలలు గడిపిందీ వేలూరు జైల్లోనే. ఉగ్రవాదాన్ని ప్రోత్సహించే ఉద్దేశం లేనిదే ఉత్త మాటల మద్దతు నేరం కాదని 2003 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

2004లో పోటా రద్దయింది. ఆ ఏడాదే దానిలోని ఉగ్రవాద నిబంధనలు చాలామటుకు 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (యూఏపీఏ)లోకి చేరాయి. ఈ చట్టం కింద ఛార్జిషీటు లేకుండా 180 రోజుల దాకా ఉంచవచ్చు. ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే బెయిలు ఇవ్వకూడదు. 2019 నుంచి సంస్థనే కాదు, వ్యక్తిని కూడా ప్రభుత్వమే ఉగ్రవాదిగా ప్రకటించవచ్చు. బాంబులు పేలిన చోట బలైన కుటుంబాలకు న్యాయం జరగాలి, దానికి గట్టి చట్టం కావాలి. ఆ చట్టానికి గడువూ ఉండాలి. పోటాకు ముందరి ఉగ్రవాద చట్టం టాడాకు ఉండేది, పోటాకు మూడేళ్లు ఉండేది. 1951లో రాజాజీ సభ ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిందంటే, ఆ చట్టానికి ఏడాదే ఆయుష్షు గనక. యూఏపీఏకు గడువు తేదీ లేదు. దాన్ని మళ్లీ ఆమోదించమని అడగడానికి ఏ హోం మంత్రీ పార్లమెంటు ముందుకు రానక్కరలేదు.