మినహాయింపు ఎవరికి, నష్టం ఎవరికి?

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం 2016లో చేసిన ఒక చట్టం మూడు నమ్మకాలకే రక్షణ కల్పించింది: పెళ్లి స్త్రీపురుషుల మధ్యే జరగాలి, శారీరక సంబంధం ఆ పెళ్లిలోనే ఉండాలి, పుట్టుకతో వచ్చిన లింగం మారదు. మతస్వేచ్ఛే లక్ష్యమైతే ఈ మూడింటినే ఎందుకు ఏరుకున్నట్టు? స్వలింగ జంటకు పెళ్లి జరిపించనని చెప్పే హక్కు మతగురువుకు రాజ్యాంగం ముందే ఇచ్చింది, అది ఉండాల్సిందే. ఈ చట్టంతో పెళ్లి కేకులు, ఫొటోల వ్యాపారులకూ, దత్తత సంస్థలకూ, వివాహ లైసెన్సులిచ్చే ఉద్యోగులకూ మినహాయింపు దక్కింది.

ఇంకో దుకాణానికి వెళ్లొచ్చు కదా అంటారు. చిన్న ఊళ్లో ఇంకోటి ఉండకపోవచ్చు. ఉన్నా, గుమ్మంలోంచే తిప్పి పంపిన అవమానం పోదు. దక్షిణ కరోలినాలో నల్లజాతివారికి వడ్డించకపోవడానికి ఒక హోటళ్ల యజమాని కూడా మతవిశ్వాసాన్నే చూపాడు. 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను పసలేనిదిగా తేల్చింది.