గొంతు ఆగినా పాట ఆగలేదు
గాయకుణ్ణి, స్థాపకులను కోల్పోయినా నిలదొక్కుకున్న ఢిల్లీ ‘ఇండియన్ ఓషన్’ బృందం

భజన బృందంలో ముందుండి పాడే మనిషి కన్నుమూస్తే ఆ బృందం సాధారణంగా ఏడాది తిరక్కుండానే చెదిరిపోతుంది. హార్మోనియం ఒకరింట్లో అటకెక్కుతుంది. తబలా జోడు మరొకరింట్లో మూలన పడుతుంది. నాటక సమాజాల సంగతీ అంతే. ఢిల్లీలో 1990లో పుట్టిన ‘ఇండియన్ ఓషన్’ అనే పాటల బృందానికి 2009లో సరిగ్గా ఇటువంటి ఆపదే వచ్చింది. మరో నాలుగేళ్లకు, బృందాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో మిగిలిన ఒక్కరూ తప్పుకున్నారు. అయినా బృందం చెదరలేదు. 2023లో కొత్త పాటలతో మరో ఆల్బమ్ తెచ్చింది.

ఇండియన్ ఓషన్ అంటే హిందూ మహాసముద్రం. ఇది రాక్ బృందం. రాక్ అనగానే పొడుగు జుట్టు, చెవులు చిల్లులు పడే మోత, అర్థంకాని ఇంగ్లీషు పాట అనుకునేవారే పల్లెల్లో ఎక్కువ. వీరి తీరు వేరు. గిటారు, డ్రమ్స్ ఉన్న మాట నిజమే. వాటి పక్కనే తబలా ఉంటుంది. బెంగాలు పల్లెల్లో బావుల్ గాయకులు చంకలో ఇరికించుకుని తంతి మీటే ‘గబ్‌గుబి’ ఉంటుంది. పాటలేమో హిందీ, భోజ్‌పురి, బెంగాలీ భాషల్లో. కబీరు మాట కావచ్చు, నది ఒడ్డున జాలర్లు, రైతులు పాడుకునే పదం కావచ్చు, ఏదైనా తమకు నచ్చాలి. సినిమా నిర్మాతో, రికార్డుల కంపెనీవారో చెప్పినట్టు పాడే అలవాటు లేదు గనుకనే దీన్ని స్వతంత్ర బృందం అంటారు. అటువంటి స్వతంత్రానికి కష్టాలూ ఎక్కువే.

ఇద్దరితో మొదలు

సుస్మిత్ సేన్ గిటారు వాయిస్తారు. అషీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూ పాడేవారు. బృందానికి అంకురం వీరిద్దరే. సుస్మిత్ గిటారులో పాశ్చాత్య బాణీ కన్నా సితారు, సరోద్‌ల పలుకే ఎక్కువగా వినిపిస్తుంది. అషీమ్ వేదిక మీద నేలపై బాసింపట్టు వేసుకుని కూర్చుని, చుట్టూ తాళవాద్యాలు పరుచుకుని, వాయిస్తూనే గొంతెత్తేవారు. హరికథకులు చిడతలతో పాడటం మనకు తెలిసిందే. తబలా మీద రెండు చేతులూ పనిచేస్తుండగా పాడటం ఇంకా కష్టం. చేతులది ఒక లెక్క, గొంతుది మరో లెక్క. రెండూ తప్పకూడదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత వచ్చిన చిక్కు ఎంత పెద్దదో తెలుస్తుంది.

తొలి రోజుల్లో చేరినవారిలో కొందరు నిలవలేదు. బేస్ గిటారు వాయించే వ్యక్తి వెళ్లిపోగా 1991లో రాహుల్ రామ్ వచ్చారు. బేస్ గిటారు అంటే లావు తంతులతో మంద్ర స్వరం పలికించేది. డ్రమ్స్ వాయించే వ్యక్తి కూడా తప్పుకోగా 1994లో అమిత్ కిలామ్ అనే యువకుడు చేరాడు. ఈ నలుగురి జట్టు పదిహేనేళ్లు నిలిచింది. 

మొదటి ఆల్బమ్‌ను 1993లో హెచ్.ఎం.వి. కంపెనీ విడుదల చేసింది. అంత పెద్ద కంపెనీ ముద్ర పడితే ఇక దారి సుగమమేనని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. రెండో ఆల్బమ్ రావడానికి నాలుగేళ్లు పట్టింది. సినిమా పాట కాదు, భక్తి పాట కాదు, పాశ్చాత్య పాట కూడా కాదు. క్యాసెట్ల కొట్టువాడు దాన్ని ఏ అరలో పెట్టాలి?

ఆ రెండో ఆల్బమ్ ‘డెజర్ట్ రెయిన్’ స్టూడియోలో తయారైంది కాదు. వీధి నాటకాల కళాకారుడు సఫ్దర్ హష్మీపై 1989 జనవరి 1న ఢిల్లీ సమీపంలోని సాహిబాబాద్ ప్రాంతంలో నాటకం ఆడుతుండగా దుండగులు దాడి చేశారు. మర్నాడు ఆయన మరణించారు. ఆయన స్మృతిగా ఢిల్లీలో ఏటా జనవరి 1న కళాకారులు కూడుతుంటారు. 1997 జనవరి 1న ఆ సభలో ఇండియన్ ఓషన్ పాడిన కచేరీనే రికార్డు చేసి ఆల్బమ్‌గా వెలువరించారు. స్టూడియోలో అయితే పదిసార్లు పాడి బాగున్నది ఏరుకోవచ్చు. జనం ముందు ఆ వీలు లేదు. తప్పో ఒప్పో పాడిందే పాట. బృందం సత్తా జనానికి తెలిసింది కూడా దానితోనే.

నర్మద ఒడ్డున దొరికిన పాట

రాహుల్ రామ్ చదువు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సాగింది. పర్యావరణంలో విషపదార్థాల ప్రభావంపై డాక్టరేటు సంపాదించారు. అంత చదువు చదివినవారు ఏ దేశంలోనైనా మంచి జీతానికి స్థిరపడవచ్చు. ఆయన తిరిగివచ్చి నర్మదా బచావో ఆందోళనలో పనిచేశారు. గుజరాత్‌లో నర్మదపై కట్టిన సర్దార్ సరోవర్ ఆనకట్ట వల్ల మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఆదివాసుల, రైతుల గ్రామాలు ముంపునకు గురయ్యాయి. వారి తరఫున సాగిన ఉద్యమం అది. ముంపు అంటే ఏమిటో శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ప్రపంచ బ్యాంకు అప్పులో మిగిలిన భాగం తనకు అక్కరలేదని 1993లో భారత ప్రభుత్వం చెప్పడం ఉద్యమానికి పెద్ద విజయంగా కనిపించింది. కాని కట్టడం ఆగలేదు. ఆనకట్ట ఎత్తు చివరకు 138.68 మీటర్లకు చేరింది. 2017లో జాతికి అంకితమైంది. ఉద్యమం నుంచి రాహుల్ తన బృందానికి తెచ్చింది ఒక పాట. నర్మదకు రేవా అని మరో పేరు. ఆ నదిని తల్లిగా తలచుకుంటూ లోయలోని జనం పాడుకునే పాటను ‘మా రేవా’ పేరుతో గిటారు, తబలాలకు కూర్చారు. ఒడ్డున ఊళ్లు మునిగిపోయాయి. వాటి పాటను మాత్రం ఆ నదిని ఎన్నడూ చూడని పట్నవాసులు నేటికీ కచేరీల్లో కలిసి పాడుతున్నారు.

ఈ పాట 2000లో వచ్చిన ‘కందీసా’ ఆల్బమ్‌లో ఉంది. బృందానికి దేశమంతటా పేరు తెచ్చింది ఈ ఆల్బమే. కందీసా అన్నది కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన. ఏసుక్రీస్తు మాట్లాడిన అరమాయిక్ కుటుంబానికి చెందిన భాష. అదే ఆల్బమ్‌లో గోరఖ్ పాండే అనే భోజ్‌పురి కవి రాసిన ‘హిల్లే లే’ అనే పాట కూడా ఉంది. శ్రమజీవుల సభల్లో పాడే పాట అది. ఒక పక్క చర్చి ప్రార్థన, మరో పక్క నదీమాత పాట, ఇంకో పక్క కూలీల పాట. ఒకే క్యాసెట్‌లో ఇవన్నీ ఇమడటం విడ్డూరంగా తోచినా, వినేవారికి ఎక్కడా అతుకు కనపడదు. 2003లో ‘ఝీనీ’ వచ్చింది. సన్నని నేత అని ఆ మాటకు అర్థం. నేత పనివాడైన కబీరు పదం నుంచి తీసుకున్న పేరు.

సినిమా ఆగింది, పాట పాకింది

సినిమా రంగం పిలిచినప్పుడూ ఎదురుదెబ్బే తగిలింది. 1993 బొంబాయి బాంబు పేలుళ్లపై అనురాగ్ కశ్యప్ తీసిన ‘బ్లాక్ ఫ్రైడే’ చిత్రానికి ఈ బృందం సంగీతం కూర్చింది. కేసు విచారణ సాగుతుండగా చిత్రం విడుదల చేయరాదంటూ నిందితులు కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు నిలిపివేసింది. 2005లో రావలసిన చిత్రం 2007 ఫిబ్రవరి 9న గాని తెరకెక్కలేదు. ఈలోగా పీయూష్ మిశ్రా రాసిన ‘బందే’ పాట మాత్రం సినిమాతో నిమిత్తం లేకుండానే కాలేజీ కుర్రాళ్ల నోళ్లలో నానింది. బొమ్మ రాకముందే పాట నిలబడటం సినిమా లోకంలో అరుదు.

2009లో పిడుగు

గల్ఫ్ దేశమైన కతార్‌లోని దోహా నగరంలో ఉండగా 2009లో అషీమ్‌కు గుండెపోటు వచ్చింది. ఎన్నో రోజులు ఆసుపత్రి పాలయ్యారు. అదే ఏడాది డిసెంబరు 25న మరణించారు. బృందానికి ఒక్క దెబ్బతో గొంతూ పోయింది, తబలా కూడా పోయింది.

అప్పటికే ఆయన గొంతుతో రికార్డు చేసిన కొత్త పాటలు బృందం చేతిలో ఉన్నాయి. వాటిని ఏం చేయాలి? చనిపోయిన కళాకారుడి చివరి పాటలంటే కంపెనీలు ఎగబడి కొంటాయి. కన్నీటికి కూడా బజారులో ధర ఉంటుంది. వీరు ఆ పని చేయలేదు. 2010 జూలై నుంచి నెలకో పాట చొప్పున ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా ఇచ్చేశారు. ఎవరైనా పైసా కట్టకుండా దింపుకుని వినవచ్చు. ఆల్బమ్ పేరు ‘16/330 ఖజూర్ రోడ్’. అది ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని ఒక పాత ఇంటి చిరునామా. నలుగురూ ఏళ్ల తరబడి కూర్చుని సాధన చేసింది ఆ ఇంట్లోనే.

దీన్ని ఒట్టి త్యాగమని కొనియాడటం కన్నా అందులోని లెక్కను కూడా చూడటం మంచిది. పాటకు కంపెనీ ఇచ్చే వాటాతో ఇటువంటి బృందాలకు పూట గడవదు. తిండి పెట్టేది కచేరీలే. పాట ఉచితంగా పదిమందికి చేరితే కచేరీకి వచ్చేవారు పెరుగుతారు. విత్తనాలు పంచిపెట్టి పంట కోసుకునే పద్ధతి అన్నమాట. ఆ రోజుల్లో మన దేశంలో పేరున్న బృందాలు ఇంత తెగువ చూపడం అరుదు.

అదే ఏడాది ఆగస్టులో ‘పీప్లీ లైవ్’ చిత్రం వచ్చింది. అప్పులపాలై ఆత్మహత్యకు సిద్ధపడిన రైతు కథ అది. రైతు చావును టీవీలవారు, రాజకీయులు ఎలా వాడుకుంటారో అనూషా రిజ్వీ ఎత్తిపొడుపుగా చూపించారు. అందులో ‘దేశ్ మేరా’ పాట ఇండియన్ ఓషన్‌దే. కరువు సీమల్లో ఇటువంటి వార్తలు చదివి చదివి అలిసినవారికి ఆ సినిమా కొత్తగా చెప్పేది పెద్దగా ఉండకపోవచ్చు. పట్నం ప్రేక్షకులకు మాత్రం అది గట్టిగానే తగిలింది.

ఒకరి చోట ఇద్దరు

ఇక వేదిక మీద అషీమ్ చోటు మిగిలింది. వాయిస్తూ పాడగల మరో మనిషి కోసం బృందం పట్టుపట్టలేదు. అచ్చం ఆయనలాంటివారిని తెచ్చి కూర్చోబెడితే జనం ప్రతి పాటలోనూ పోలిక వెతుకుతారు. అందుకని పనిని రెండుగా విడదీశారు. పాడటానికి హిమాంశు జోషి, తబలాకు తుహిన్ చక్రవర్తి వచ్చారు. ఒక్కరు చేసిన పని ఇద్దరికి పంచాల్సి వచ్చిందంటే అషీమ్ విద్వత్తు ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

కొత్తవారు కుదురుకుంటున్నారనగా 2013లో సుస్మిత్ సేన్ బృందం నుంచి వైదొలిగారు. ఆయన సొంతంగా సంగీతం సాగిస్తూ వచ్చారు. బృందం మొత్తానికి గుర్తింపు తెచ్చిన గిటారు ఆయనది. గాయకుడు మారితే జనం కొన్నాళ్లకు సర్దుకుంటారు. బాణీ మారితే సర్దుకోవడం కష్టం. ఆయన స్థానంలో వచ్చిన నిఖిల్ రావు పాత పాటలను నేర్చుకుని, వాటిలో తన వరసనూ కలుపుకోవలసి వచ్చింది. పాత రికార్డులు అరిగేదాకా విన్న అభిమానుల్లో కొందరు ఆ పాత ఊపు రాలేదని పెదవి విరిచారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే పాత ఊపు ఉన్నప్పుడు వీరి వయసు ఎంత, ఇప్పుడెంత అన్నది కూడా ఆలోచించవలసిందే.

2014లో ‘తందాను’ వచ్చింది. పేరు వినగానే మనకు బుర్రకథ వంతలు గుర్తుకు రావడం సహజం. ఒక్కో పాటకు బయటి నుంచి ఒక్కో పేరున్న కళాకారుణ్ణి పిలిచారు. శంకర్ మహదేవన్, శుభా ముద్గల్, పండిత విశ్వమోహన్ భట్ వంటివారు వచ్చి కలిశారు. తమ ఇంట్లో మనుషులు తగ్గినప్పుడు ఇరుగుపొరుగును పిలిచి వేడుక చేసుకున్నట్టుంది.

2015లో ‘మసాన్’ చిత్రంతో కొత్త తరం వీరి పాటలు విన్నది. కాశీలో శవదహనం వృత్తిగా గల కుటుంబంలోని యువకుడి కథ అందులో ఒక భాగం. దర్శకుడు నీరజ్ ఘేవాన్ హైదరాబాదులో పుట్టి పెరిగినవారు కావడం తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి. ఆ సినిమాకు కేన్ చిత్రోత్సవంలో బహుమతులు లభించాయి. వరుణ్ గ్రోవర్ రాసిన పాటలకు బృందం కట్టిన వరసలు సినిమాతోపాటు నిలిచాయి. అషీమ్, సుస్మిత్ ఇద్దరూ లేకుండా ఈ బృందం ఏం చేయగలదని అడిగినవారికి జవాబు ఆ పాటల్లోనే దొరికింది.

తర్వాత కొత్త ఆల్బమ్ కోసం అభిమానులు చాలాకాలం కాచుకోవలసి వచ్చింది. తందాను తర్వాత తొమ్మిదేళ్లకు, 2023లో ‘తూ హై’ వెలువడింది. తొలినాళ్ల నలుగురి జట్టులో అందులో మిగిలింది రాహుల్ రామ్, అమిత్ కిలామ్ ఇద్దరే. 1994లో కుర్రాడిగా డ్రమ్స్ ముందు కూర్చున్న అమిత్ ఇప్పుడు బృందంలో పెద్దల్లో ఒకరు. హిమాంశు, తుహిన్, నిఖిల్‌లతో కలిపి మొత్తం ఐదుగురు. ఇద్దరు పోగా మరో ముగ్గురు చేరిన ఈ జట్టు కచేరీకి దిగితే, జనం గుంపులోంచి ‘మా రేవా’ పాడమని కేకలు వినిపిస్తూనే ఉంటాయి.